ఎక్కడ నిలబడి చూసిండు?

ఉర్దూ సారు పోయారని పొద్దున ఏడు గంటలకు ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు.

చేసింది మహబూబ్‌నగర్ నుంచి, పాత కాగితాలు చదివే రికార్డుల మేడం. ఆమెకు చెప్పింది నల్లగొండలో ఉండే వాళ్ల మరిది. మరిదికి చెప్పింది మసీదు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్న మనిషి. ఇదంతా నేను అడిగి తెలుసుకున్నాను. మనిషి పోయాడంటే అయ్యో అనాల్సింది పోయి, మీకెవరు చెప్పారు, ఆయన చూశాడా, చూస్తే ఎక్కడి నుంచి చూశాడు అని పోలీసు మనిషిలా అడిగాను. ఆమె కాసేపు ఓపిక పట్టి, నీకు ఆయన రోగమే అంటిందని ఫోన్ పెట్టేసింది.

ఇంకో నోటి మాట కావాలి కదా అని సారు ఫోనుకే చేశాను. సారే ఎత్తుతారని, ఎత్తి, నేను పోయినన్న ఖబర్ పక్కా చేసుకుంటున్నవా బిడ్డా అని నవ్వుతారని నిజంగానే అనుకున్నాను. చాచీ ఎత్తింది. సారు భార్యను నేను అట్లాగే పిలుస్తాను. నేనేమీ అడగకముందే ఆమె చెప్పింది.

"అవు బిడ్డా. నేను పక్కనే ఉన్న. ఆయన చెయ్యి నా చేతులనే ఉండె."

నలభై ఏళ్లు ఆ మనిషితో కాపురం చేసిందామె. నువ్వెక్కడ ఉండి చూశావని అడుగుతానని ఆమెకు తెలుసు. అప్పుడు ఏడ్చాను.

ఆయన నాకు బడిలో చదువు చెప్పలేదు. హైస్కూల్లో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి ఆయన. నాకు ఉర్దూలో ఒక్క అక్షరం రాదు. నేను రామన్నపేటలో విలేకరిని. తెలంగాణ వచ్చిన కొత్తలో జిల్లా పేజీకి స్థానిక చరిత్ర కావాలని మా పేపరు వాళ్లు ఒకటే పోరు పెట్టారు. పానగల్‌లో ఒక సారు దగ్గర పాత నోటు పుస్తకాలున్నాయని విని, నార్కట్‌పల్లిలో బస్సు మారి పోయాను. మా దగ్గర పొద్దటి నుంచి వాన పడుతోందని మాట వరసకు అన్నాను. "నీ ఇంటి మీదనా, ఊరంతనా?" అన్నారు. ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఇదెక్కడి అనుమానపు మనిషిరా దేవుడా అనుకున్నాను. మా అమ్మ నన్ను పుట్టు అనుమానందాన్నని తిడుతుంది కాబట్టి, నాకు తోడు దొరికినట్టు కూడా అనిపించింది.

ఆయన బస్సు బోర్డు చదివేవారు. చదివాక కండక్టరును అడిగేవారు. కండక్టరు చెప్పాక లోపల కూర్చున్న ఒకాయనను అడిగేవారు. ఈలోపు బస్సు కదిలిపోయేది. నీకు ముగ్గురు సాక్షులు దొరికేసరికి పెండ్లిలో అన్నాలు కూడా అయిపోతాయని చాచీ దెప్పేది. పాలు కాగాయని ఆమె చెప్తే లేచి పోయి చూసి వచ్చేవారు, తిట్లు తినేవారు. ఆయన దృష్టిలో అది అనుమానం కాదు, మర్యాద. పట్టించుకోని మాటనే మనం అట్లా వదిలేస్తాం, పట్టించుకున్న మాటను పోయి చూస్తాం అనేవారు. ఈ గుణం తనది కాదని, అఖ్బారాయన దగ్గర నేర్చుకున్నదని కూడా చెప్పేవారు.

అఖ్బారాయన అంటే పత్రికాయన, ఆ నోటు పుస్తకాలు రాసిన మనిషి. సారు అట్లాగే పిలిచేవారు, ఇక్కడ నేనూ అట్లాగే పిలుస్తాను. నిజాం రాజ్యంలో, నూటికి పైగా ఏళ్ల కింద, నగరంలో అచ్చయ్యే ఉర్దూ పత్రికకు ఈ దిక్కు నుంచి జాబులు రాసినవాడు. ఒక టట్టు గుర్రం, ఒక దుప్పటి, మసి సీసా ఆయన ఆస్తి. హుజూర్‌నగర్ దిక్కు కృష్ణ ఒడ్డు నుంచి ఇటు మూసీ దాకా, అటు పాలమూరు గుట్టల దాకా తిరిగి, ఎక్కడ కొట్లాట జరిగితే అక్కడికి పోయేవాడు. దొరలు కిరాయికి పెట్టుకున్న కత్తుల వాళ్లు, కరువులో గింజల కొట్లు పగలగొట్టిన వాళ్లు, చెరువు నీళ్ల కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు, అందరూ ఆ పుస్తకాల్లో ఉన్నారు. ఎవరు ఎవరిని కొట్టారన్నది రాసి ఊరుకోలేదు. ఈ సీమలో దెబ్బలు ఏ కాలంలో మొదలవుతాయని లెక్క తీశాడు. పండుగల్లో కాదు, తాగినప్పుడు కాదు, కల్లాల మీద ధాన్యం కొలిచే రోజుల్లో అని తేల్చాడు.

ఆయన పద్ధతి ఒకటే. ఏ కొట్లాటకైనా ముగ్గురిని అడగాలి. దెబ్బ తిన్నవాణ్ణి, దెబ్బ కొట్టినవాణ్ణి, ఈ రెంటిలో లేనివాణ్ణి. ఒక్కొక్కరి మాట పక్కన, ఆ మనిషి ఎక్కడ నిలబడి చూశాడో చిన్న బొమ్మ గీసేవాడు. చెట్టు, బావి, దారి, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క సాక్షి. ఒకసారి వాగు దాటుతుంటే ఆయననే నలుగురు పట్టుకుని కొట్టారు. నెల తర్వాత లేచి, కొట్టినవాళ్లలో ఒకణ్ణి వెతుక్కుంటూ పోయి, ఎందుకు కొట్టావు, నువ్వప్పుడు ఏ పక్కన నిలబడ్డావని అడిగి రాసుకున్నాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా సారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఇన్నేళ్లలో ఆయన ఒక మనిషిని ఏ ప్రశ్నా లేకుండా నమ్మడం నేను చూసింది ఈ ఒక్క మనిషి విషయంలోనే.

ఆ పుస్తకాలు దొరికిన తీరు కూడా చెప్పాలి. పానగల్ ఇల్లు చాచీ పుట్టినిల్లు. సారు కొత్త అల్లుడిగా వచ్చినప్పుడు, ఆ ఇంట్లో సందూకు మీద ఆకుపచ్చ బట్టలో ఒక మూట ఉండేది. ప్రతి శుక్రవారం చాచీ వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, దానికి ఊదు పొగ వేసి, కళ్లకు అద్దుకునేది. ఎవరో పీరు రాసిన దువాలని, ప్రార్థనలని ఇంటిల్లిపాదీ నమ్మకం. చదవడం వచ్చిన అల్లుడు మూట విప్పి, ఇవి దువాలు కావు, ఎవరు ఎవరిని ఎట్లా చంపారో రాసిన కాగితాలని చెప్పాడు. నానీ వారం రోజులు అల్లుడితో మాట్లాడలేదు. వారం తర్వాత మళ్లీ శుక్రవారం వచ్చింది, మళ్లీ ఊదు వేసింది. ఇంకా ఎందుకని అడిగితే, దెబ్బలు తిన్నోళ్ల పేర్లున్నయంటివి గద, వాళ్ల మీద గూడ జర పడనియ్యి అందట. ఆ పొగకే పురుగు పట్టలేదని సారు నమ్మకం. ఆ కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఇప్పటికీ ఊదు వాసనే వస్తుంది.

సారు ఉర్దూ చదువుతూ తెలుగులో చెప్పేవారు, నేను రాసేదాన్ని. వారం వారం జిల్లా పేజీలో నా పేరుతో వచ్చేది. మొదటి పుస్తకంలో మొదటి జాబుతో మొదలుపెట్టాం. ఒక ఊరి కల్లంలో దొర గుమాస్తాను ఎవరో చంపారు. ఒక గొర్ల కాపరి చంపుతుంటే కళ్లారా చూశానని ఇంకో గుమాస్తా చెప్పాడు. అఖ్బారాయన దాన్ని ఎంత బాగా రాశాడంటే, ఊపిరి పట్టి విన్నాను. ఆ జాబు నగరంలో అచ్చయ్యాక దొర మనుషులు కాపరిని పట్టుకుపోయారట, మళ్లీ తిరిగి రాలేదట. సారు చెప్పింది అంతవరకే. మేం ఊరి పేరుతో సహా వేశాం.

మూడో రోజు ఒక ఫోన్ వచ్చింది. ఆ ఊరి నుంచి, ఇప్పటికీ గొర్లు కాసుకునే ఇంటి నుంచి ఒక పెద్దాయన. గొంతు పెంచలేదు. వాళ్ల ఇంటిని ఊళ్లో ఖూనోల్ల ఇల్లు అంటారట. ఆ మాట ఈ మధ్యనే కాస్త సద్దుమణిగిందట. పేపర్లో చూసి బడిలో పిల్లలు ఆయన మనుమరాలిని మళ్లీ ఆ పేరుతో పిలుస్తున్నారట.

"మా తాతకు తాత ఆయన. చెయ్యలేదని మా ఇంట్ల చెప్పుకుంటరు. నువ్వు ఎవరినడిగి రాసినవమ్మా?"

నేను అడిగింది ఒక్క సారును. సారు చదివింది ఒక్క కాగితాన్ని. కాగితం విన్నది ఒక్క గుమాస్తాను. పానగల్ పోయి సారుకు చెప్పాను. ఆయన, రాసి ఉన్నది చదివిన బిడ్డా, రాసిన కాడికి అది నిజమే అన్నారు. అఖ్బారాయన ముగ్గురిని అడుగుతాడు కదా, ఇందులో ఒక్కడే ఉన్నాడేంది సార్ అన్నాను. చాయ్ చల్లారిపోతోంది తాగమన్నారు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఆయన మాట మార్చడం అదే మొదటిసారి. నా అనుమానం ఆ చాయ్ దగ్గర మొదలైంది.

అనుమానం ఒకటి మొదలైతే ఊరికే కూర్చోదు. ఆ సారు తనవాళ్ల సంగతులు దాచి మనవాళ్లవే చదువుతున్నాడేమో చూసుకోమని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఛీ అన్నాను. కానీ ఆ మాట నాలోనూ కూర్చుంది, కూర్చోలేదని అబద్ధం చెప్పను. అసలు అఖ్బారాయన అనే మనిషి ఉన్నాడా అని కూడా అనుకున్నాను. సారు నమాజుకు లేచినప్పుడు నాలుగు పుటలు ఫోనులో ఫోటో తీసుకుని, మహబూబ్‌నగర్ పోయాను. రికార్డుల మేడం అక్కడ భూముల కాగితాల ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఎంత గజిబిజి పాత ఉర్దూ అయినా చదువుతారని పేరు. అద్దం పెట్టి చదివి, సారు చెప్పింది పొల్లు పోకుండా ఇందులో ఉందన్నారు. బయటికి వచ్చి బస్టాండులో కూర్చుంటే సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను.

పాత ఉర్దూ చదివేవాళ్లు ఎంతమందని ఉంటారు? మేడం సారుకు ఫోన్ చేసి చెప్పేశారు. మరుసటి వారం నేను పోయేసరికి చాయ్ స్టీలు గ్లాసులో వచ్చింది. అప్పటిదాకా నాకు వాళ్లింటి కప్పూ సాసరే. స్టీలు గ్లాసు కరెంటు బిల్లు మనిషికి, గ్యాసు అబ్బాయికి.

"ఎన్ని పుటలు చూపిచ్చినవ్?" అన్నారు సారు.

"నాలుగు."

"నాలుగేనా? అన్ని చూపియ్యాల్సింది బిడ్డా. నాలుగు చూసి నన్ను నమ్ముతవా?"

అప్పుడు దాన్ని పెద్దమనసు అనుకున్నాను. నన్ను క్షమించారని పొంగిపోయాను. రెండు వారాల తర్వాత కప్పూ సాసరూ తిరిగొచ్చాయి. ఆయన నాకు ఆ రోజు ఒక మాట అందించారని, నేను అందుకోలేదని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

తర్వాత ఒకరోజు మూడో పుస్తకం చివర్లో నాలుగు పుటలు ఒకేసారి తిప్పడం చూశాను. ఇవేంది సార్ అంటే, తేమకు అంటుకున్నయి అన్నారు. ఆయన చాయ్ తేవడానికి లేచినప్పుడు దగ్గరికి పోయి చూశాను. అంటుకోలేదు, కుట్టి ఉన్నాయి. చిలకపచ్చ దారం, కొత్తది. చాచీ జాకెట్లు కుట్టే మిషన్ మీద ఆ దారం కండె అదే గదిలో ఉంది. అంత ఊదు పొగ పట్టిన కాగితాల మధ్య ఆ దారానికి మాత్రం ఏ వాసనా లేదు.

అడగాల్సింది. ఎవరు కుట్టారు, ఎందుకు కుట్టారు అని అక్కడికక్కడే అడగాల్సింది. ఆయన నేర్పింది అదే కదా. నేను అడగలేదు. అడిగితే సారు పోతారేమోనని భయం ఒకటి. ఆ జాబు నా పేరుతో వచ్చింది, నా పేరు పోతుందేమోనని భయం ఇంకొకటి. రెండోదే పెద్దది. అట్లా ఏళ్లు గడిచాయి. జిల్లాలు ముక్కలై మా రామన్నపేట వేరే జిల్లాలోకి పోయింది, మా శీర్షిక ఆగిపోయింది. నేను మాత్రం నెలకోసారి పానగల్ పోతూనే ఉన్నాను. ఆ పచ్చ దారం మా ఇద్దరి మధ్యా ఉండేది. ఆయనకు నేను చూశానని తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. వాన గురించి మాట్లాడుకునేవాళ్లం.

పోయే ముందు వారం నల్లగొండ దవాఖానలో చూశాను. మాట సగం సగం వస్తోంది. చాచీని మందులకు పంపి, నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"దారం నేనే కుట్టిన. ఆ ఫోనొచ్చినంక. ముప్పై ఏండ్లు ఆయనను నమ్మిన బిడ్డా. ఆయన గూడ తప్పు రాసిండని చెప్పనీకి నోరు రాలే. నేను పోయినంక విప్పు. నువ్వొక్కదానివే విప్పకు. ఆ గొర్లాయనను పిలువు."

నాకు కోపం వచ్చింది. అంత జబ్బు మనిషి మీద అంత కోపం వస్తుందని అనుకోలేదు. ఒక్క మాటా అనకుండా ఆయన కాళ్ల మీద దుప్పటి సరిచేసి బయటికి వచ్చాను. ఆయన నాతో అన్న ఆఖరి మాటలు అవే. ఇప్పుడు వెనక్కి పోయి ఒక్క మంచి మాట అనాలని ఉంటుంది, ఎట్లా పోతాను?

నలభయ్యో దినం అయిపోయాక పానగల్ ఇంట్లో కూర్చున్నాం. పిలిస్తే గొర్లాయన వచ్చారు, కానీ లోపలికి రాలేదు, చాయ్ ముట్టలేదు. గడప దగ్గరే గోడకు ఆనుకుని, ఇంకేం అబద్ధం చెప్తారో విందామన్నట్టు కూర్చున్నారు. ఎటూ సంబంధం లేని మనిషిగా రికార్డుల మేడం. చాచీ, భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉంది, పరదా అవతల కూర్చుంది. కత్తెర పరదా కింది నుంచి ఇచ్చింది. దారం ఎవరు తెంపాలని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి గొర్లాయన చెయ్యి చాపారు. గొర్ల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ కత్తెర అలవాటైన చెయ్యి అది. ఒక్కొక్క కుట్టునూ కాగితానికి తగలకుండా తెంపారు.

మేడం చదివారు. మొదటి జాబు రాసిన చాలా ఏళ్లకు అఖ్బారాయన ఆ ఊరికి మొదటిసారి పోయాడట. మొదటిసారి! ఆ జాబు అసలు ఊరికి పోకుండానే, దారిలో ఆ ఇంకో గుమాస్తా చెప్పింది విని రాశాడు. కాపరి భార్యను వెతికి, ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆమె ఏమీ చెప్పలేదు. ఆయనను వెంట తీసుకుపోయి, గుమాస్తా నిలబడి చూశానన్న చోట, గుట్ట పక్కన దారి మీద నిలబెట్టింది. కింద ఒక బొమ్మ ఉంది. దారి, గుట్ట, గుట్ట అవతల కల్లం, ఇవతల ఒక చుక్క. ఈసారి ఆ చుక్క తనే. పక్కన రెండే మాటలు. "ఇక్కడ నిలబడి చూసిన. ఏమీ కనబడలేదు." ఇక మీదట ఎవరు ఏం చెప్పినా ముందు అడగాల్సింది ఇదేనని రాసుకున్నాడు. ఆ సవరణను పత్రిక వేయలేదని కూడా ఉంది.

అన్ని జాబుల్లోకీ బాగా రాసింది ఆ మొదటిదే. అడ్డం చెప్పేవాడు లేడు కాబట్టి అంత బాగా వచ్చింది. నేను రాసినవాటిలో నాకు పేరు తెచ్చినవి ఏవో ఒకసారి తీసి చూసుకోవాలి.

గొర్లాయన మళ్లీ చదవమన్నారు. మేడం మళ్లీ చదివారు. మూడోసారి కూడా విన్నాక, ఆమె పేరు రాసిండా అని అడిగారు. రాశాడు. మేడం చదివారు. వాళ్లింట్లో ఎవరికీ తెలియని పేరు అది. ఆయన ఆ పేరును పెదాల మీద రెండుసార్లు అనుకున్నారు. అప్పుడు పరదా అవతలి నుంచి చాచీ అంది: "ఆ పేరు మీద మా నానీ ప్రతి శుక్రారం ఊదు ఏసింది బాపూ. మాకు తెల్వది ఎవరిదో." గొర్లాయన గడప దాటి లోపలికి వచ్చి కూర్చుని, చాయ్ తాగారు.

అందుకే ఇది స్మృతి మాత్రమే కాదు, సవరణ కూడా. నా పేరుతో వచ్చిన మొదటి జాబులో ఒక గొర్ల కాపరిని హంతకుడన్నాం. ఆ మాటకు సాక్ష్యం లేదు. చూశానన్నవాడు నిలబడిన చోటు నుంచి కల్లం కనబడదు. అఖ్బారాయన చూడకుండా రాశాడు, సారు చూసి దాచారు, నేను అనుమానం వచ్చీ అడగలేదు. ముగ్గురిలో సిగ్గుపడడానికి మిగిలింది నేనే. సారు మీద కోపం పోలేదు. ఆయన మీద గౌరవమూ పోలేదు. తనను పట్టించే ప్రశ్న నాకు నేర్పింది ఆయనే, చివరికి ఎవరిని పిలవాలో చెప్పిందీ ఆయనే. ఎవరూ అడగకపోతే ఆ దారం ఎప్పటికీ అట్లాగే ఉండేది. ఊరి పేరు ఈసారి రాయడం లేదు, గొర్లాయన వద్దన్నారు.

చెయ్యలేదని రాయమ్మా అన్నారాయన. కనబడదని మాత్రమే రాస్తానన్నాను. నిజానికి అది కూడా రాయడానికి నాకు మనసొప్పలేదు. అఖ్బారాయన సవరణ మాత్రం ఒక్క నోటి మాట కాదా? అందుకని పోయిన ఆదివారం ఇద్దరం ఆ గుట్ట దగ్గరికి పోయాం. సగం గుట్టను గ్రానైటు వాళ్లు కోసుకుపోయారు, దారి పక్కన సగం అట్లాగే ఉంది. పుస్తకంలో చుక్క ఉన్న చోట నేను నిలబడ్డాను. గొర్లాయన గుట్ట చుట్టూ తిరిగి, ఒకప్పుడు కల్లం ఉన్న చోటికి పోయారు. ఇప్పుడది పత్తి చేను.

"కనబడ్తున్ననా?" అని అక్కడి నుంచి అరిచారు.

చూశాను. బండలు, సీతాఫలం చెట్లు, వాటి మీద ఎండ. లేదని అరిచాను. మళ్లీ అడిగారు. రెండడుగులు అటూ ఇటూ జరిగి చూసి, లేదన్నాను. మూడోసారి కూడా అడిగారు. ఆ గొంతు నవ్వుతోందో, ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను నిలబడిన చోటికి మనిషి కనబడలేదు.